నచ్చిన వీడియో గేమును మరొకరి చేత ఆడించడం ఎలా? పాత ఆటలకూ కొత్త ఆటలకూ అంచెలంచెల మార్గదర్శి

"నాకు ప్రాణమైన ఆటను స్నేహితుడికి ఇచ్చాను. పది నిమిషాలు ఆడి, 'బాగుంది' అని పక్కన పెట్టేశాడు. ఎక్కడ తప్పు జరిగింది?" గేములు ఆడేవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. చాలాసార్లు తప్పు ఇచ్చిన పద్ధతిలోనే ఉంటుంది. కూర్చోబెట్టాక అరగంట డౌన్‌లోడుకే పోతుంది. కేబుల్ కుదరక తెర మీద రంగులు రావు. అన్నీ కుదిరితే, ఇచ్చిన మనిషి పక్కన చేరి నోరు మూయడు.

ఆట పట్టుకుంటుందో లేదో దాదాపు మొదటి అరగంటలోనే తేలిపోతుంది. అందుకే ఇక్కడ చెప్పే పనుల్లో ఎక్కువ భాగం ఆ అరగంట మొదలుకాక ముందు చేయవలసినవే.

1. ముందు మనిషి, తర్వాతే ఆట

ఆ ఆట మీకెందుకు నచ్చిందో కాసేపు మరిచిపోండి. ఎవరి పిచ్చి వారికి ఆనందం. ఆడబోయే మనిషి గురించి ఈ సంగతులు తెలుసుకోండి:

- చివరిగా పూర్తి చేసిన ఆట ఏది? ఎలాంటి ఆటలు ఇష్టమని అడిగితే గొప్పగా వినిపించే జవాబే వస్తుంది. పూర్తి చేసినది ఏదని అడిగితే అసలు అభిరుచి బయటపడుతుంది.
- ఒకసారి కూర్చుంటే ఎంతసేపు ఆడగలరు? ఇరవై నిమిషాలా, మూడు గంటలా?
- రెండు స్టిక్కులున్న కంట్రోలర్ చేతికి అలవాటేనా?
- త్రీడీ దృశ్యాలు వేగంగా కదిలితే కడుపులో తిప్పుతుందా? మినుకుమినుకుమనే వెలుగులు పడని ఆరోగ్య సమస్య ఏదైనా ఉందా?
- ఆడే గదిలో పిల్లలు ఉంటారా?
- వారి దగ్గరున్న యంత్రం ఏది? దానికి డిస్కు పెట్టే వీలుందా?

వీటిలో మూడో ప్రశ్నను ఎక్కువమంది వదిలేస్తారు. ఎడమ స్టిక్కుతో నడుస్తూ, కుడి స్టిక్కుతో చుట్టూ చూడడం మనకు ఊపిరి తీసుకున్నంత సహజం. కొత్తవారికి కాదు. వారి పాత్ర గోడకు ముఖం ఆనించి నడుస్తుంటుంది, కెమెరా ఆకాశాన్ని చూస్తుంటుంది. అలాంటివారికి ఎంత గొప్ప త్రీడీ ఆట ఇచ్చినా దండగే. టెట్రిస్ (1984), స్టార్డ్యూ వ్యాలీ (2016) లాంటి 2డీ ఆటలతో మొదలుపెట్టి, త్రీడీకి తర్వాత రండి.

పిల్లలుంటే పెట్టె మీది వయసు గుర్తు చూడండి. యూరప్‌లో వాడే పెగీ పద్ధతిలో 3, 7, 12, 16, 18 అని అంకెలుంటాయి. అవి ఆట కష్టాన్ని కాదు, అందులోని హింస, భాష వంటి విషయాలను బట్టి ఇచ్చినవి. 3 అంకె ఉన్న ఆటలోనూ పెద్దవాళ్లకు చెమటలు పట్టవచ్చు.

2. పాత రూపమా, కొత్త రూపమా?

చాలా పాత ఆటలకు ఇప్పుడు రెండు మూడు రూపాలున్నాయి. "అసలైనదే ఆడాలి" అన్న పట్టుదల మీ వరకు ఉంచుకోండి. ఇతరులకు ఇచ్చేటప్పుడు చేతికి ఏది హాయిగా ఉంటుందో చూడండి.

రెసిడెంట్ ఈవిల్ 2 సంగతే తీసుకోండి. 1998 నాటి రూపంలో కెమెరా ఒకచోట స్థిరంగా ఉంటుంది. పైకి నొక్కితే పాత్ర తాను చూస్తున్న దిక్కుకు నడుస్తుంది, తెర మీద పైకి కాదు. అలవాటు లేనివారు మొదటి వీధి దాటకముందే విసిగిపోతారు. 2019 రూపంలో కెమెరా భుజం వెనుక ఉంటుంది. ముందు అది ఇవ్వండి. అది పట్టుకుంటే పాతదాన్ని వారే అడుగుతారు.

ఎంచుకోవడానికి నేను పాటించే పద్ధతి ఇది:

- ఆట పాతబడింది బొమ్మల్లోనే అయితే అసలు రూపమే ఇవ్వండి. సూపర్ మారియో బ్రదర్స్ (1985) నడక ఈనాటికీ చక్కగానే ఉంటుంది.
- పాతబడింది నియంత్రణల్లో, మెనూల్లో అయితే మెరుగుపరిచిన రూపం ఇవ్వండి. మెట్రాయిడ్ (1986)లో మ్యాపు లేదు. అదే కథను తిరిగి చెప్పిన జీరో మిషన్ (2004)లో ఉంది.
- పాత కంప్యూటర్ వ్యూహ క్రీడలకు కొత్త తెరలకు సరిపోయే కూర్పు ఉంటే అదే మేలు. 1999 నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2కు 2019లో డెఫినిటివ్ ఎడిషన్ వచ్చింది.
- వరుసగా వచ్చిన ఆటల్లో 1 నుంచే మొదలుపెట్టాలని లేదు. కథ గొలుసుకట్టుగా సాగితేనే ఆ నియమం.

డక్ హంట్ (1984) లాంటి తుపాకీ ఆటలు మాత్రం వేరే లెక్క. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని చదరం మెరుస్తుంది. ఆ వెలుగును తుపాకీ పసిగట్టాలి. పాత పిక్చర్ ట్యూబు టీవీలో అది వెంటనే కనిపిస్తుంది. ఎల్‌సీడీ తెరలో ఆలస్యమవుతుంది కాబట్టి తుపాకీ పని చేయదు. ట్యూబు టీవీ లేకపోతే ఆ ఆట ఊసెత్తకండి.

3. చేతికి ఎలా అందించాలి?

కార్ట్రిడ్జ్ (ఆట ఉన్న ప్లాస్టిక్ డబ్బా) అయినా డిస్కు అయినా చేతిలో పెడితే సరిపోతుంది. అయితే రెండు చిక్కులున్నాయి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ వంటి యంత్రాలకు డిస్కు డ్రైవే లేదు. నింటెండో స్విచ్ 2 కోసం వచ్చే గేమ్-కీ కార్డుల్లో ఆట ఉండదు, దాన్ని తెరిచే తాళంచెవి మాత్రమే ఉంటుంది. తీసుకున్నవారు ఆట మొత్తాన్ని డౌన్‌లోడ్ చేసుకోవాలి, ఆడినంతసేపూ కార్డు లోపలే ఉంచాలి.

డిజిటల్ ఆటలకు ఉన్న దారులు:

- స్టీమ్ ఫ్యామిలీస్ (స్టీమ్ అంటే కంప్యూటర్ ఆటల ఆన్‌లైన్ దుకాణం): ఒకే ఇంటివారి కోసం ఉద్దేశించినది, 6గురి వరకు చేరవచ్చు. ఎవరి సేవ్‌లు (ఎంతవరకు ఆడారో దాచిన రికార్డులు) వారివే. ఒక కాపీని ఒకే సమయంలో ఇద్దరు ఆడలేరు. మీ కాపీ ఆడుతూ ఎవరైనా మోసం చేసి దొరికితే ఆ ఆటలో మీకూ నిషేధం పడుతుంది. ఒకరు బయటికి వెళ్తే వారి స్థానం ఏడాది పాటు ఖాళీగానే ఉంటుంది. కాబట్టి ఎవరిని చేర్చుకోవాలో ఆలోచించుకోండి.
- స్టీమ్ రిమోట్ ప్లే టుగెదర్: ఒకే తెర ముందు కూర్చుని ఆడే ఆటలను ఇంటర్నెట్ మీదుగా కలిసి ఆడవచ్చు. ఆట ఒక్కరి దగ్గరుంటే చాలు.
- నింటెండో వర్చువల్ గేమ్ కార్డ్: ఫ్యామిలీ గ్రూపులో ఉన్నవారికి 14 రోజులు ఇవ్వవచ్చు. గడువు తీరగానే దానంతటదే వెనక్కి వస్తుంది. ఆ రోజుల్లో మీరు ఆడలేరు.
- ప్లేస్టేషన్ షేర్ ప్లే: మీ ఆటను దూరంగా ఉన్న స్నేహితుడి చేతికి గంటసేపు ఇవ్వవచ్చు. గంట తర్వాత మళ్లీ మొదలుపెట్టుకోవాలి.
- ఫ్రెండ్స్ పాస్: ఇట్ టేక్స్ టూ (2021), స్ప్లిట్ ఫిక్షన్ (2025) వంటి ఇద్దరి ఆటలను ఒకరు కొంటే రెండోవారు ఉచితంగా ఆడవచ్చు. పరిచయానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

ఎకౌంటు పాస్‌వర్డు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. నిబంధనలకు విరుద్ధమన్నది ఒక ఎత్తు, మీరు దాచుకున్న కార్డు వివరాలతో పొరపాటున కొనుగోళ్లు జరగడం మరో ఎత్తు.

పాత ఆటల ఫైళ్లను నకలు తీసి పంచడం హక్కుదారు అనుమతి లేకపోతే పైరసీయే, ఆట వయసు ఎంతైనా సరే. నిశ్చింతగా పంచుకోగలిగినవీ ఉన్నాయి: బ్యాటిల్ ఫర్ వెస్నోత్, ఓపెన్‌టీటీడీ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఆటలు, షేర్‌వేర్‌గా (ఉచితంగా పంచుకోవచ్చన్న అనుమతితో) విడుదలైన డూమ్ (1993) మొదటి భాగం.

4. పాత యంత్రాన్ని సిద్ధం చేయడం

ఈ పని ముందురోజే చేయాలి. వరుస తప్పకండి, ముఖ్యంగా మొదటి అంచె దగ్గర.

మొదటిది, కరెంటు అడాప్టర్. ప్లగ్ దూరింది కదా అని పెట్టేయకండి. వోల్టేజీ, ఆంపియర్లు, ధ్రువాలు మూడూ యంత్రం మీద రాసిన వాటితో సరిపోవాలి. నింటెండో పాత యంత్రం ఎన్‌ఈఎస్‌తో వచ్చిన అడాప్టర్ ఏసీ కరెంటు ఇస్తుంది. దాని జపాన్ రూపమైన ఫామికామ్‌కు, సెగా వారి తొలి మెగా డ్రైవ్‌కు కావలసింది డీసీ. ఒకదాని అడాప్టర్ మరోదానికి పెడితే యంత్రమే పోవచ్చు.

రెండోది, కార్ట్రిడ్జ్ పిన్నులు. నోటితో ఊదకండి. ఊదినప్పుడు ఆట పని చేస్తే అది మళ్లీ తీసి పెట్టడం వల్లే. నోటి తేమ మాత్రం పిన్నుల మీద మిగిలి తుప్పు పట్టిస్తుంది. 90 శాతం లేదా అంతకు మించిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి, పిన్నుల పొడవునా తుడవండి. పుల్ల నల్లబడడం ఆగేవరకు కొత్త పుల్లలు మార్చండి. పూర్తిగా ఆరాకే యంత్రంలో పెట్టండి.

మూడోది, సేవ్ బ్యాటరీ. 1980లు, 90లలో వచ్చిన అనేక కార్ట్రిడ్జ్‌లలో సేవ్‌ను నిలబెట్టేది నాణెం ఆకారంలో ఉండే చిన్న బ్యాటరీ. ఆట సేవ్ చేసి, ఆపి, మర్నాడు చూడండి. సేవ్ లేకపోతే బ్యాటరీ అయిపోయినట్టే. పోకెమాన్ గోల్డ్, సిల్వర్ (1999)లలో గడియారం కూడా అదే బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి త్వరగా అయిపోతుంది.

బ్యాటరీ మార్చాలంటే పాతదాన్ని తీయగానే సేవ్ చెరిగిపోతుందని గుర్తుంచుకోండి. ఏళ్లనాటి సేవ్ మీద మమకారం ఉంటే ముందు కార్ట్రిడ్జ్ రీడర్‌తో నకలు తీసుకోండి. ఎన్‌ఈఎస్, ఎస్‌ఎన్‌ఈఎస్, ఎన్64 అనే నింటెండో యంత్రాల కార్ట్రిడ్జ్‌ల స్క్రూలకు 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన బిట్ కావాలి. టంకం వేయడం రాకపోతే తెలిసినవారికి ఇవ్వండి. టేపుతో అంటించిన బ్యాటరీ నాలుగు కుదుపులకే ఊడుతుంది.

నాలుగోది, టీవీ. ఇక్కడ మామూలుగా ఎదురయ్యేవి:

- బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తోంది: పసుపు తీగ పెట్టే రంధ్రాన్నే కాంపోనెంట్ పచ్చ తీగకూ వాడే టీవీలు ఉన్నాయి. ఇన్‌పుట్ మెనూలో "కాంపోజిట్" లేదా "ఏవీ" ఎంచుకోండి.
- బొమ్మ అడ్డంగా సాగిపోయింది: తెర నిష్పత్తిని 4:3కి మార్చండి.
- బటన్ నొక్కిన తర్వాత ఆలస్యంగా కదులుతోంది: టీవీలో "గేమ్ మోడ్" పెట్టండి, బొమ్మను నునుపు చేసే సెట్టింగులన్నీ తీసేయండి.
- దెబ్బ తగిలినప్పుడు మినుకుమనాల్సిన పాత్ర పూర్తిగా మాయమవుతోంది: పాత యంత్రాలిచ్చే 240పీ (240 గీతల) సంకేతాన్ని టీవీ తప్పుగా చదువుతోంది. రెట్రోటింక్, ఓఎస్‌ఎస్‌సీ వంటి అప్‌స్కేలర్ (పాత బొమ్మను కొత్త టీవీకి తగ్గట్టు మార్చే పెట్టె) పెడితే తీరుతుంది.
- ఆట మందకొడిగా, పాట నెమ్మదిగా ఉంది: 50 హెర్ట్జ్ ప్రాంతపు కూర్పు కావచ్చు. 60 హెర్ట్జ్ కోసం చేసిన ఆటను సర్దుబాటు లేకుండా అందులో నడిపితే దాదాపు 17 శాతం వేగం తగ్గుతుంది.

డాస్ కాలపు (విండోస్‌కు ముందటి) కంప్యూటర్ ఆటలు పిచ్చి వేగంతో పరుగెడితే, వాటిని నడిపే డాస్‌బాక్స్ ప్రోగ్రాములో వేగాన్ని నిర్ణయించే "సైకిల్స్" తగ్గించండి. పాయింట్ అండ్ క్లిక్ కథల ఆటలకు స్కమ్‌వీఎమ్ అనే ప్రోగ్రాము చాలు.

5. కొత్త ఆటను సిద్ధం చేయడం

ఇది తేలిక పనే, కానీ ముందురోజు రాత్రికే అయిపోవాలి.

- ఆట, యంత్రం, కంట్రోలర్ మూడింటి అప్‌డేట్లు పూర్తి
- రెండు కంట్రోలర్లకూ ఛార్జింగు
- వచ్చేవారికి వేరే ప్రొఫైల్ లేదా ఖాళీ సేవ్ స్లాటు. మీ సేవ్ మీద పొరపాటున రాయకుండా నకలు
- సబ్‌టైటిల్స్ ఆన్, అక్షరాలు పెద్దవి
- కెమెరా కుదుపు, మోషన్ బ్లర్ (కదిలేటప్పుడు బొమ్మ మసకబారడం) ఆఫ్. వీలుంటే దృశ్య కోణం పెంచడం
- తెర మీద దూకే సందేశాలు బంద్, కొనుగోళ్లకు పిన్

కష్టాన్ని తగ్గించే సెట్టింగులు ఉంటే ఎక్కడున్నాయో ముందే చూసి పెట్టుకోండి. సెలెస్ట్ (2018)లో అసిస్ట్ మోడ్‌తో ఆట వేగాన్నే తగ్గించవచ్చు. హేడీస్ (2020)లో గాడ్ మోడ్ పెడితే తగిలే దెబ్బ 20 శాతం తగ్గుతుంది, చనిపోయిన ప్రతిసారీ మరో 2 శాతం. వాటిని మీరుగా ఆన్ చేయకండి. ఉన్నాయని మాత్రం చెప్పండి. అడగకుండా తేలిక చేస్తే చిన్నబుచ్చినట్టే ఉంటుంది.

6. మొదటి అరగంట

ఇక్కడే ఎక్కువ ఆటలు పాడవుతాయి, పాడుచేసేదీ మనమే.

సూపర్ మారియో బ్రదర్స్ మొదటి అంకం ఎలా నేర్పుతుందో చూడండి. మారియో ఎడమ పక్కన నిలబడి ఉంటాడు, ముందు ఖాళీ నేల. నాలుగడుగులు వేస్తే గూంబా అనే శత్రువు ఎదురొస్తుంది. కొత్తవారు దాన్ని ఢీకొని చనిపోతారు. రెండోసారి దూకుతారు, దూకితే పై గడి తగులుతుంది, పుట్టగొడుగు బయటికి వస్తుంది. అది కుడివైపు జారి, గొట్టాన్ని తాకి, తిరిగి మారియో మీదికే వస్తుంది. తప్పించుకోవాలనుకున్నా తగులుతుంది, మారియో పెద్దవాడవుతాడు. కొద్ది క్షణాల్లో మూడు పాఠాలు, ఒక్క మాట లేకుండా. మీరు పక్కనుంచి "దూకు, దూకు!" అన్నారంటే ఆ మూడూ పోయాయి.

పాటించవలసిన వరుస:

- ఒక్క వాక్యంలో ఆట ఏమిటో చెప్పండి. "ఇందులో నువ్వు దూకుతూ కొండ ఎక్కాలి" అంటే చాలు.
- ఏ బటన్ ఏమిటో మూడింటికి మించి చెప్పకండి. మిగతావి ఆటే చెబుతుంది.
- పైకి తోస్తే పైకి చూడాలా, కిందికా అని అడిగి, ఆ సెట్టింగు వారికి నచ్చినట్టు పెట్టండి.
- కంట్రోలర్ ఇచ్చాక మళ్లీ చేయి చాచకండి. "ఇటివ్వు, నేను చూపిస్తా" అన్న మాట అసలు వద్దు.
- చిక్కుకుపోతే అడిగేవరకు ఆగండి. అడిగాక కూడా ముందు "ఇక్కడ ఏమేం కనిపిస్తున్నాయి?" అనండి. తర్వాత దిక్కు చూపండి. పూర్తి జవాబు చివరి మెట్టు.
- ముఖం చూస్తూ ఉండకండి. "నచ్చిందా?" అని మధ్యలో అడగకండి. మొహమాటానికి నచ్చిందంటారు, అది ఎందుకూ పనికిరాదు.

కథ మొదలు కావడానికే గంటలు పట్టే ఆటలున్నాయి. వాటికి నడిమధ్య సేవ్ ఇచ్చి ఆడించడం నాకు నచ్చదు. ముక్కూ ముఖం తెలియని పాత్రల మధ్య వదిలినట్టుంటుంది. ఆ రోజుకు మరో ఆట చూసుకుని, దీన్ని ఇంటికి పంపండి. వ్యూహ క్రీడలకు మాత్రం ముందే నడిపించి ఉంచిన చిన్న ఆట ఉపయోగపడుతుంది.

7. ఎంత చెప్పాలి, ఎంత దాచాలి?

అవుటర్ వైల్డ్స్ (2019), రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ (2018) లాంటి ఆటల్లో మీరు సంపాదించేది తెలివిడి ఒక్కటే. రహస్యం తెలిసిపోతే ఇక ఆడడానికేమీ మిగలదు. "మంచి మలుపు ఉంది, చూడు" అనడం కూడా చెప్పేయడమే. అక్కడి నుంచి వారు మలుపు కోసమే కాచుకుంటారు.

మనసు కలచివేసే విషయాలుంటే మాత్రం ముందే చెప్పండి. ఆత్మహత్య, పిల్లల మీద హింస వంటివి ఉన్నాయని చెప్పినందువల్ల కథ బయటపడదు.

8. బృందంగా పంచుకుంటే

నలుగురైదుగురు కలిసి వంతులవారీగా పంచుకునేటప్పుడు ఒక్కొక్కరు రెండు ఆటలు తేవాలన్న నియమం బాగా పని చేస్తుంది: ఒకటి పాతది, ఒకటి దాని పోలికలున్న కొత్తది. రోగ్ (1980)కు హేడీస్, హార్వెస్ట్ మూన్ (1996)కు స్టార్డ్యూ వ్యాలీ, మెట్రాయిడ్‌కు హాలో నైట్ (2017).

ఏది ముందు ఆడించాలి? ఇప్పటి ఆటలతో పెరిగినవారికి కొత్తది ముందు. దాని రుచి తెలిశాక పాతదానిలోని మొరటుతనాన్ని ఓపికతో చూస్తారు. ఎప్పుడో ఆడి మానేసినవారికి పాతది ముందు, చేతులకు పాత అలవాటు తిరిగి వస్తుంది. తేదీల క్రమం పట్టుకుని అందరికీ ఒకే వరుస పెడితే సగంమంది రెండో వారానికి రారు.

ఒక ప్రాణం పోతే కంట్రోలర్ పక్కవారికి ఇవ్వడం ఒంటరి ఆటలకు మంచి పద్ధతి. బాగా ఆడేవారు చేతిలోంచి వదలరు కాబట్టి వారికి పది నిమిషాల గడువు పెట్టండి.

9. ఇవ్వడం, తిరిగి తీసుకోవడం

ఇచ్చేముందు:

- పెట్టె, డిస్కు రెండు వైపులా, కార్ట్రిడ్జ్ పిన్నులు ఫొటో తీసుకోండి
- ఎవరికి, ఏది, ఎప్పటివరకు అన్నది ఫోనులో రాసుకుని వారికీ పంపండి
- పెట్టె తెరిచి సరైన డిస్కే ఉందా అని చూడండి
- ప్లేస్టేషన్ 2 ఆటైతే వారి మెమరీ కార్డులో చోటుందా అని అడగండి. మీ కార్డు ఇవ్వకండి
- ఎన్‌ఈఎస్ నాటి జెల్డా ఇస్తుంటే, రీసెట్ బటన్ నొక్కిపట్టే కరెంటు ఆపాలని తప్పకుండా చెప్పండి; లేకపోతే సేవ్ చెడిపోవచ్చు

తిరిగి వచ్చాక డిస్కును వెలుతురులో చూడండి. మరకలుంటే మధ్యనుంచి అంచు వైపు నేరుగా తుడవండి, గుండ్రంగా కాదు. సీడీలకు బొమ్మ ఉన్న వైపు గీత పడడం మరీ ప్రమాదం, సమాచారమున్న పొర ఆ లేబుల్ కిందే ఉంటుంది. బ్లూ-రే డిస్కులో ఆ పొర చదివే వైపుకు చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి అరగదీసి బాగు చేయాలని చూడకండి.

కార్ట్రిడ్జ్‌లో వారి సేవ్ కనిపిస్తే వెంటనే చెరపకండి. సగంలో ఆపారేమో, మళ్లీ అడుగుతారేమో, ఒక ఫోను చేసి కనుక్కోండి. స్లాట్లు మూడే ఉండి, మూడూ నిండిపోతే అప్పుడు చెరపవలసింది ఎవరిదో ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకోండి.